జట్టున నెంద ఱుండవలెను?
కంప్యూటరు క్రీడలలో అనుభవ విభజనమును గూర్చిన లెక్క

కంప్యూటరుపై నాడెడి క్రీడలలో రోల్ ప్లేయింగ్ గేములని యొక జాతి కలదు. వీనియందు ఆటగాడు ఒక్క పాత్రనో, కొన్ని పాత్రలతో కూడిన జట్టునో నడిపించుచు, కోటలును గుహలును చొచ్చి, భూతములతో పోరాడి, తనకు నియమింపబడిన పనులు నెఱవేర్చి, ప్రతి విజయమునకును కొంత అనుభవమును సంపాదించును. ఈ అనుభవమును అంకెలలో లెక్కింతురు. ఆటగాండ్రు దీనిని ఎక్స్‌పీ యందురు. అది యొక నియమిత సంఖ్యకు చేరినతోడనే పాత్ర యొక మెట్టెక్కును. ప్రాణబలము హెచ్చును, గుఱి కుదురును, క్రొత్త మంత్రములు వశమగును. ఈ మెట్టునకు లెవెలని వాడుక. మేము మెట్టనియే వ్రాసెదము.

ఇందు ఆటగాండ్రు తఱచుగా తర్కించుకొను ప్రశ్న యొకటి యున్నది. ఒక రాక్షసుని జంపిన 600 అంకెలు వచ్చుననుకొందము. జట్టున ఆఱుగురున్న తలకు నూఱు. ముగ్గురున్న రెండు నూఱులు. ఒక్కడే యున్నచో ఆఱు నూఱులును వానివే. అట్లయిన తోడివారిని విడిచి యొంటరిగా పోయినవాడు ఆఱింతలు బలవంతుడు కావలదా? భోజనమునకు కూర్చున్నవారు తక్కువైనకొలది విస్తరిలో కూర యెక్కువగునన్నట్లు, ఈ వాదము వినుటకు బాగుగనే యుండును. దానిని లెక్కవేసి చూచుటయే మా యుద్దేశము. కూడికయు గుణకారమును వచ్చినవారందఱును మాతో కూడ ఈ లెక్క చేయవచ్చును.

ముందుగా ఈ విభజనము పుట్టిన విధము కొంత చెప్పవలెను. 1974లో అమెరికా దేశమున గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను క్రీడను ప్రకటించిరి. అది కాగితము, పెన్సిలు, పాచికలతో బల్లచుట్టు కూర్చుండి యాడునది. అందొక్కొక్కరి కొక్కొక పాత్ర యుండుటచే, సంపాదించిన యనుభవమును పంచుకొనుట సహజమయ్యెను. 1981లో వెలువడిన విజార్డ్రీ యను కంప్యూటరు క్రీడ యీ పద్ధతినే గైకొన్నది. అందు జట్టు ఆఱుగురు. అయితే ఆటగాడు మాత్ర మొక్కడే. ఆఱుగురి భాగములును ఒక్క చేతిలోనికి వచ్చెను. అప్పటినుండియే ఎందఱను వెంటబెట్టుకొని పోవలెనను ప్రశ్న మిత్రుల మర్యాదకు సంబంధించినది గాక, లెక్కకు సంబంధించినదయ్యెను.

అందఱును సమానముగా పంచుకొనలేదు. 1983లో రిచర్డ్ గారియట్ రచించిన అల్టిమా యను క్రీడ మూడవ భాగమున జట్టునకు నలుగురు. శత్రువును కడపటి దెబ్బతో కూల్చినవానికే యనుభవము దక్కును. ఇది చూచుటకు న్యాయమువలె తోచును గాని, ఆడినవారికి దీని కష్టము తెలియును. బలవంతుడు చంపును, చంపినకొలది యింకను బలవంతుడగును; గాయములు మాన్పువాడు యుద్ధమంతయు శ్రమించియు రిక్తహస్తములతో మరలును. వానిని పెంచవలెనన్న, చావనున్న శత్రువును యోధుడు విడిచి, బలహీనునిచే కొట్టింపవలెను. పొలమంతయు ఒకడు కోసి కడపటి పన మఱియొకనిచే మోయించి, కూలి యంతయు వానికే యిచ్చినట్లుండును. సమభాగపద్ధతి దీనికంటె మేలని మా యభిప్రాయము.

ఆ పద్ధతియందును ఒక వికారము లేకపోలేదు. విజార్డ్రీయందును, జపానులో 1988లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ మూడవ భాగమునందును, యుద్ధాంతమున ప్రాణములతో నిలిచినవారికే భాగము. తోడివాడు పడిపోయిన మిగిలినవారి వంతు పెరుగును! లెక్క యెంత నిర్దయమైనదో యిచ్చట కనబడును.

ఇక ముఖ్యమైన లెక్కకు వత్తము. డంజన్స్ అండ్ డ్రాగన్స్ రెండవ కూర్పు 1989లో వెలువడెను. బయోవేర్ అను కెనడా సంస్థ 1998లో తెచ్చిన బాల్డర్స్ గేట్ అను ప్రసిద్ధ క్రీడ ఆ నియమములపైననే నడచును. అందు జట్టు ఆఱుగురివఱకు ఉండవచ్చును. తక్కువ మందితోను, ఒంటరిగను కూడ ఆడవచ్చును. శత్రువులను చంపుటవలన కలిగిన యనుభవము ఉన్నవారికి సమముగా పంచబడును. యోధుడు రెండవ మెట్టెక్కుటకు 2,000 అంకెలు వలయును. మూడవదానికి 4,000, నాల్గవదానికి 8,000, అయిదవదానికి 16,000, ఆఱవదానికి 32,000, ఏడవదానికి 64,000. చదరంగపు గళ్ళలో గింజలుంచమని రాజును కోరినవాని కథ యెఱిగినవారికి ఈ వరుస పరిచితమే. ప్రతి మెట్టునకును వెల రెట్టింపు.

జట్టు మొత్తము 48,000 అంకెలు సంపాదించెననుకొనుడు. ఆఱుగురు యోధులున్నయెడల తలకు 8,000. అందఱును నాల్గవ మెట్టున నుందురు. ముగ్గురే యున్నయెడల తలకు 16,000, అయిదవ మెట్టు. ఒక్కడే యైన 48,000 అంకెలును వానివే; అయినను వాడు ఆఱవ మెట్టుననే యుండును, ఏడవదానికి 64,000 కావలయును గనుక. ఆఱింతలు సంపాదించినవానికి లభించినది రెండు మెట్లు! వెల రెట్టింపగుచున్నచోట ఆదాయము రెట్టింపైన ఒక మెట్టే పెరుగును; నాలుగింతలైన రెండు; ఎనిమిదింతలైన గాని మూడు పెరుగవు. ఆఱింతలు ఈ నాలుగునకును ఎనిమిదికిని నడుమనున్నది. లాగరిదములు నేర్చిన పై తరగతివారు దీనిని రెండున్నర మెట్లకు కొంచె మెక్కువయని సూక్ష్మముగా చెప్పగలరు.

నలుగురి సంగతి యింకను వింతగా నుండును. 48,000 అంకెలను నలుగురు పంచుకొన్న తలకు 12,000. అదియును నాల్గవ మెట్టే! ఇద్దఱు స్నేహితులను విడిచివచ్చినందులకు ఆ క్షణమున దక్కినది సున్న. మొత్తము 64,000కు చేరినప్పుడు వారు అయిదవ మెట్టెక్కుదురు; ఆఱుగురైనచో 96,000కు గాని యెక్కరు. నడుమనున్న కొంతకాలము నలుగురిది పైచేయి, మఱికొంతకాలము సమానము. సరాసరిని తీసినచో భేదము అర మెట్టునకు కొంచె మెక్కువ.

మెట్లు రెండు పెరిగిన చాలదా, వాడే యందఱిని గెలువడా యని యడుగవచ్చును. ఇందునకు మఱియొక లెక్క కావలెను. ఫ్రెడెరిక్ లాంచెస్టరు అను ఆంగ్లేయ ఇంజనీరు 1916లో ప్రకటించిన విమానయుద్ధ గ్రంథమున సేనల బలమును గూర్చి యొక సూత్రమును వివరించెను. బహిరంగస్థలమున అందఱును ఒక్కమాఱే పోరాడగలిగినప్పుడు, సేన బలము దాని సంఖ్యనుబట్టి గాక, సంఖ్యయొక్క వర్గమును బట్టి యుండునని దాని సారాంశము. కారణము సులభము. ఆఱుగురు ఒక్కనికంటె ఆఱింతలు దెబ్బలు కొట్టుదురు. వారిని కూల్చుటకు శత్రువు ఆఱింతలు దెబ్బలు కొట్టవలెను. ఆఱును ఆఱుచే గుణించిన 36.

ఒంటరి యోధుడు ఈ 36కు సరిపోవునా? నాల్గవ మెట్టువానికంటె ఆఱవ మెట్టువాని ప్రాణబలము ఒకటిన్నర రెట్లు. మెట్టున కొక పాచిక చొప్పున లెక్క గనుక. ఇరువది ముఖముల పాచికతో దెబ్బ తగులుటను నిర్ణయింతురు. గొలుసు కవచము తొడిగిన శత్రువునకు తగులవలెనన్న నాల్గవ మెట్టువానికి 12గాని అంతకు మించిగాని పడవలెను, అనగా 20లో 9 అవకాశములు. ఆఱవ మెట్టువానికి 10 చాలును, అనగా 20లో 11. ఈ రెంటిని గుణించిన మెట్లవలన కలిగిన లాభము 1.83 రెట్లు. 36 ఎక్కడ, 1.83 ఎక్కడ! ఆఱుగురి బలములో ఇంచుమించు ఇరువదవ వంతు. అయిదవ మెట్టు యోధులు ముగ్గురిని ఇట్లే లెక్కించిన 12.5 వచ్చును, మూడవవంతునకు స్వల్పముగా నెక్కువ. ఆయుధములను, దేహదార్ఢ్యమును, మంత్రములను విడిచి వేసిన మోటు లెక్క యిది. అయినను ఇరువదింతల భేదము మోటు లెక్కలోని లోపములచే తుడిచిపెట్టుకొని పోవునది కాదు.

అయితే ఒంటరిగా ఈ క్రీడను ముగించినవా రున్నారే యందురా? ఉన్నారు. వారు బహిరంగస్థలమున నిలువరు. ద్వారబంధమున నిలిచి శత్రువు లొక్కొక్కరుగా వచ్చునట్లు చేయుదురు. అచ్చట వర్గసూత్రము పనిచేయదు. సంఖ్య సంఖ్యగానే యుండును. లేదా దూరమునుండి బాణము వేసి, వెనుకకు పరుగెత్తి, మఱల వేయుదురు. పద్మవ్యూహములోనికి పోవక, దానిని ఒక్కొక్క వరుసగా విప్పుకొని వత్తురన్నమాట. విజార్డ్రీయందు ఆఱుగురున్నను ముందు వరుసనున్న ముగ్గురే కత్తితో కొట్టగలరు. వెనుక ముగ్గురు మంత్రములతో పని చేయవలెను. కాబట్టి అచ్చట నాల్గవ యోధుని చేర్చుకొనుట కేవలము భాగస్థుని చేర్చుకొనుటయే.

పట్టిక యెల్లకాలము రెట్టింపుగా పోవదు. ఈ సంగతి గమనింపనివారే యీ తర్కములో నెక్కువగా పొరబడుదురు. యోధునికి ఎనిమిదవ మెట్టు 1,25,000, తొమ్మిదవది 2,50,000. అటుపై ప్రతి మెట్టునకును వెల మఱియొక 2,50,000 మాత్రమే. ఇక నిది గింజల కథ కాదు, నెలజీతము కథ. మొత్తము 30,00,000 అంకెలైనప్పుడు ఆఱుగురికి తలకు 5,00,000 వచ్చి పదవ మెట్టున నుందురు. ఒంటరివాడు పట్టిక ప్రకారము ఇరువదవ మెట్టున నుండవలెను. క్రింద రెండు మెట్ల భేదముండగా ఇచ్చట పది మెట్లు! 2000లో వచ్చిన బాల్డర్స్ గేట్ రెండవ భాగము ఈ యెత్తులోనే నడచును. అందునుబట్టియే, ఒంటరిగా పోవుటవలన లాభ మధికమను మాట మొదటి భాగమున చెల్లకపోయినను రెండవ భాగమున చాలవఱకు చెల్లును.

రచయితలు దీనిని కనిపెట్టక పోలేదు. వారు రెండు అడ్డుకట్టలు వేసిరి. మొదటిది హద్దు. మొదటి భాగమున ఏ పాత్రయు 89,000 అంకెలు మించి సంపాదింపలేదు. మాంత్రికుని ఎనిమిదవ మెట్టునకు 90,000 కావలెను. వేయి తక్కువలో ద్వారము మూసివేసిరి! రెండవ భాగమున హద్దు 29,50,000. మనము పైన జెప్పిన యిరువదవ మెట్టునకు 30,00,000 కావలయును గనుక యోధుడు పందొమ్మిదవ మెట్టున నిలిచిపోవును. 2001లో వచ్చిన అనుబంధ భాగమున దీనిని 80,00,000కు పెంచిరి. అది సరిగా నలువదవ మెట్టు. హద్దు చేరిన యొంటరివాని కటుపైన గెలుపులన్నియు వ్యర్థములు. ఆఱుగురి జట్టు ఆ కాలమంతయు పెరుగుచునే యుండును. రెండవ అడ్డుకట్ట యేమనగా, రెండవ భాగమున పెక్కు కార్యములకు లభించు అనుభవమును పంచక, జట్టులోని ప్రతివానికిని పూర్తిగా నిత్తురు. చంపినదానికి విభాగము, నెఱవేర్చినదానికి విభాగము లేకుండుట. ఇది మిక్కిలి తెలివైన యేర్పాటని మేము తలంచెదము.

ఇచ్చట నొక చమత్కారము చెప్పక విడువజాలము. ఈ నియమములలో ఎల్ఫ్ అను అరణ్యజాతివాడు ఏకకాలమున యోధుడు, మాంత్రికుడు, దొంగ యను మూడు వృత్తులు చేపట్టవచ్చును. అప్పుడు వాని యనుభవము వానిలోనే మూడు భాగములగును. ఒంటరిగా 48,000 సంపాదించిన యట్టివానికి వృత్తికి 16,000 చొప్పున వచ్చును. యోధునిగా అయిదవ మెట్టు, మాంత్రికునిగా నాల్గవది, దొంగగా అయిదవది. ఆఱుగురి జట్టులో 8,000 చొప్పున పొందిన యోధుడు నాల్గింటను, మాంత్రికుడు మూడింటను, దొంగ నాల్గింటను ఉందురు. అనగా ఈ యొక్కడు ఆ ముగ్గురికంటెను వారివారి వృత్తులలోనే ఒక్కొక్క మెట్టు పైనుండును! లోప మొక్కటే: వానికి చేతులు రెండే. కత్తి యెత్తిన మంత్రము చెప్పలేడు, మంత్రము చెప్పుచు తాళము తీయలేడు. పైగా హద్దు 89,000 వానికిని వర్తించును గనుక, అందు మూడవవంతుతో వాడు యోధునిగా అయిదవ మెట్టు దాటలేడు. జట్టులోని యోధుడు ఏడవ మెట్టువఱకు పోవును.

ఈ లెక్కలన్నిటికిని వెనుక నసలు చిక్కు బలహీనుని విషయమున నున్నది. మొదటి మెట్టు మాంత్రికునికి ప్రాణబలము నాలుగు ముఖముల పాచిక యొక్కటే. వాని వశమున నున్నది ఒక్క మంత్రము. అది చెప్పిన పిదప విశ్రమించువఱకు వాడు జట్టునకు బరువే. భాగము మాత్రము యోధునితో సమానము. వీనిని విడిచినచో తక్కిన యయిదుగురి భాగమును పెరుగును గదా యను నాలోచన ప్రతి యాటగానికిని కలుగును. కాని వాడు 20,000 అంకెలతో అయిదవ మెట్టు చేరినప్పుడు అగ్నిగోళ మంత్రము నేర్వగలడు. అది ఆఱు ముఖముల పాచిక లయిదింటి దెబ్బను, ఒక్క శత్రువునకు గాక, అచ్చట గుమిగూడిన యందఱికిని తగిలించును. పదిమంది గుంపుగా నున్న పదింతలన్నమాట. లాంచెస్టరు వర్గసూత్రమున శత్రుసంఖ్యను ఒక్కమాఱుగా తగ్గించుటకంటె గొప్ప యుపకారము లేదు. ఆఱుగురి జట్టులో వాడా మెట్టునకు చేరవలెనన్న జట్టు మొత్తము 1,20,000 సంపాదింపవలెను. నలుగురి జట్టులో 80,000 చాలును. మొదటినుండియు వానిని నిద్ర మంత్రముతో వెనుక నిలిపి, దెబ్బ తగులకుండ కాపాడి, ఆ దూరము తీసికొనిపోవుటయే యీ క్రీడలోని కష్టమును రుచియును. నలుగురితో నాడదలచినవారు విడువవలసినది మూడవ యోధునిగాని మాంత్రికుని గాదని మా నిశ్చయము.

విడిచినవాని గతి యేమి? విజార్డ్రీయందు గిల్గమెష్ సత్రమున కొందఱు పాత్రలను విడిచిపోవచ్చును. వారు విడిచిన మెట్టుననే కూర్చుండియుందురు. నెలదినములు గడచిన పిదప అవసరము కలిగి పిలిచినను, వారు క్రొత్త భూతముల యెదుట ఒక్క క్షణమైన నిలువలేరు. అందుచేత ఒకమాఱు విడిచినవారిని విడిచినట్లే. 1997 నాటి ఫాలౌట్ అను క్రీడలో తోడివారు భాగము తీసికొననే తీసికొనరు. అయితే మెట్లును ఎక్కరు. కడపటి యుద్ధములకు వచ్చునప్పటికి, ప్రేమతో వెంట తెచ్చిన తోడు కనులయెదుట కూలుట చూడవలసి వచ్చును.

తరువాతి కాలమున పద్ధతులు మాఱినవి. 2000లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడవ కూర్పున పట్టిక 1,000, 3,000, 6,000, 10,000, 15,000 అని త్రిభుజ సంఖ్యల వరుసలో పెరుగును. మొత్తము 60,000 అంకెలను ఆఱుగురు పంచుకొన్న అయిదవ మెట్టు, ఒక్కడు తీసికొన్న పదునొకండవ మెట్టు. రెట్టింపు వరుసలో నున్న యడ్డు ఇచ్చట లేదు. అందుచే బహుమానమే జట్టు మెట్టునుబట్టి మాఱునట్లు చేసిరి. ఎత్తుననున్నవానికి చిన్న శత్రువువలన వచ్చునది తఱుగును. పిల్లలందఱెఱిగిన పోకెమాన్ క్రీడయందు, 1996 నాటి మొదటి భాగమున, పోరాడి నిలిచినవానికే పంపకము. 2013 నాటి ఎక్స్, వై యను భాగములలో ఒక పరికరమును నడుపుచున్నంతకాలము, పోరాడినదానికి పూర్తియు, పోరాడక వెంటనున్నవానికి సగమును వచ్చును. ఒక్కటి పోరాడి అయిదు చూచుచుండిన మొత్తము మూడున్నర భాగములు. తోడు పెరిగినకొలది మొత్తమే పెరుగుట యిచ్చటి వింత.

2023లో లారియన్ సంస్థ తెచ్చిన బాల్డర్స్ గేట్ మూడవ భాగము ఇంకను ముందునకు పోయినది. అందు జట్టునకు నలుగురే. కాని అనుభవమును పంచరు, ప్రతివానికిని పూర్తిగా నిత్తురు. విడిదియందు కూర్చున్న తోడివారికిని అంతయే. దావీదు అమాలేకీయులను తఱిమినప్పుడు, అలసి బెసోరు వాగుకడ నిలిచిన యిన్నూఱుగురికి, యుద్ధమునకు పోయిన నన్నూఱుగురితో సమముగా కొల్లసొమ్ము పంచిపెట్టెనని సమూయేలు మొదటి గ్రంథమున చదివినవారికి ఈ న్యాయము క్రొత్తది కాదు. దీనివలన ఒంటరిగా పోవువానికి అంకెలలో నేమియు కలిసిరాదు. ఎంత మందితో పోవలెనను పాత తర్కము తెగిపోయినది. కొంత రుచియు తగ్గినదని పాత యాటగాండ్రు గొణుగుదురు, అది నిజమే. కాని నేటి యుద్ధమునకు తాళములు తీయువాడు కావలెనా, గాయములు మాన్పువాడు కావలెనా యని చూచుకొని, విడిదిలో నున్నవానిని ఏ దినమైనను లేపి వెంట తీసికొనిపోవచ్చును. వాడును తక్కినవారి మెట్టుననే యుండును.